పెట్టె చక్రం రివెట్‌తో ఉందా, స్క్రూతో ఉందా?

ఈసారి ఎపిసోడ్‌లో ట్రాలీ పెట్టె గురించి మాట్లాడుకున్నాం కదా. డ్యూటీ వల్ల వినలేకపోయిన వాళ్ల కోసం అదే సంగతి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా.

మా క్యాంపులో ఒక తమ్ముడు రెండేళ్ల తర్వాత సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. పిల్లలకు బొమ్మలు, అమ్మకు దుప్పటి, పాలపొడి, సబ్బులు, అన్నీ కలిపి పెట్టె బిర్రుగా నిండింది. రాత్రి పదింటికి వ్యాన్ దగ్గరికి లాగుతుంటే ఒక చక్రం విరిగింది. నేను ఐటీఐలో ఫిట్టర్ చదివినోణ్ని కాబట్టి "అన్నా, నువ్వొకసారి చూడు" అని నా దగ్గరికి తెచ్చాడు. లోపలి గుడ్డ చుట్టూ కుట్టేసి ఉంది. బ్లేడుతో కోసి చూస్తే చక్రం బ్రాకెట్‌ని నాలుగు రివెట్లతో కొట్టేశారు. రివెట్‌ని విప్పలేం, డ్రిల్లు పెట్టి తల తీసేయాల్సిందే. ఆ టైమ్‌లో డ్రిల్లు ఎక్కడ దొరుకుద్ది? తాడు కట్టి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని వ్యాన్ ఎక్కించాం. పెట్టె మొత్తం కొత్తదే, చెడింది మాత్రం అరచేతిలో పట్టే చక్రం.

మరి ఫ్యాక్టరీ వాళ్లు రివెట్ ఎందుకు కొడతారు? ఇందులో మోసమేం లేదు, టైమ్ లెక్క ఉంది. రివెట్ గన్‌తో ఒక్క నొక్కుకు పని అయిపోద్ది. స్క్రూ అయితే సూటిగా నిలబెట్టాలి, తిప్పాలి, సరిగ్గా బిగుసుకుందో లేదో చూడాలి. బిగించింది కూడా రోడ్డు అదురుకు వదులు కావచ్చు. రోజుకు వేల పెట్టెలు చేసే చోట ఒక్కో చక్రం మీద కొన్ని సెకన్లు మిగిలినా పెద్ద లెక్కే.

ముందు పెట్టెకు ఇన్ని పార్టులు లేవు. రెండు డొప్పలు, కీలు, తాళం, చేతిపిడి, అంతే. అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయన పెట్టెకు నాలుగు చక్రాలు, లాగడానికి ఒక పట్టీ పెట్టాడు. దానికి 1972లో పేటెంట్ వచ్చింది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ రెండు చక్రాలు, పొడుగయ్యే పిడి పెట్టి పెట్టెని నిలబెట్టి లాగేలా చేశాడు. దాంతో మనకు సుఖం పెరిగింది, ఫ్యాక్టరీకి పని కూడా పెరిగింది. చక్రం, ఇరుసు, బ్రాకెట్, అల్యూమినియం గొట్టాలు, స్ప్రింగు, బటన్, ఇట్లా ప్రతి ముక్కనీ ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని బిగించాలి.

పార్టులు తగ్గించడానికి ఇంజనీర్లకు ఒక పద్ధతి ఉంది. బూత్‌రాయిడ్, డ్యూహర్స్ట్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1980ల్లో దాన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. ప్రతి పార్టునీ మూడు ప్రశ్నలు అడగాలి. ఇది పక్క పార్టుకి వేరుగా కదలాలా? ఇది తప్పకుండా వేరే మెటీరియల్‌తోనే ఉండాలా? ఇది విడిగా లేకపోతే మిగతావి బిగించడం కుదరదా? మూడింటికీ "కాదు" అని జవాబొస్తే ఆ పార్టుని పక్కదాంట్లో కలిపేయొచ్చు.

చక్రం తిరగాలి కాబట్టి అది పాస్. స్క్రూని అడిగి చూడండి, మూడింట్లోనూ ఫెయిల్. అందుకే స్క్రూ తీసేసి "టక్" మని ఇరుక్కునే ప్లాస్టిక్ కొక్కేలు, లేకపోతే రివెట్లు పెడతారు. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. ఈ మూడు ప్రశ్నలూ బిగించేవాడి వైపు నుంచి అడిగినవి. రేపు విప్పేవాడి గురించి వాటిలో ఒక్క మాట లేదు.

తొందరగా బిగించేది విప్పడానికి రాదు అనుకోవద్దు. మన సైట్‌లో కప్‌లాక్ చూడండి. ఒక్క జాయింట్ దగ్గర నాలుగు లెడ్జర్లు పెట్టి, పై కప్పు దించి సుత్తితో కొడితే బిగుసుకుంటది. మళ్లీ అటువైపు కొడితే వదులుతది. బోల్టు లేదు, నట్టు లేదు. ఇక్కడ దోహాలో స్టేడియం 974 కూడా అంతే. 2022 వరల్డ్ కప్ కోసం 974 షిప్పింగ్ కంటైనర్లు, స్టీల్ ఫ్రేమ్‌తో కట్టారు. మ్యాచ్‌లయ్యాక ముక్కలుగా విప్పేలా ముందే డిజైన్ చేశారు. అంత పెద్ద స్టేడియానికే అలా ఆలోచించగలిగితే పెట్టె చక్రానికి కుదరదా?

కుదురుద్ది. చక్రం, ఇరుసు, బ్రాకెట్ కలిపి ఒకే సెట్టుగా ముందే తయారుచేసుకోవాలి. డొప్పలో గాడి ఉండాలి, ఆ సెట్టు అందులో ఒక్క తీరుగానే కూర్చోవాలి, తిరగేసి పెట్టే వీలుండకూడదు. ఎడమకీ కుడికీ ఒకే చక్రం సరిపోతే కార్మికుడు వెతుక్కోనక్కర్లేదు, మనకు స్పేర్ దొరకడం కూడా తేలిక. బరువంతా గాడి మోస్తది కాబట్టి పట్టి ఉంచడానికి రెండు స్క్రూలు చాలు. పెట్టె మొత్తానికి ఒకే సైజు స్క్రూ వాడితే ఒకే బిట్‌తో పనైపోద్ది. లోపలి గుడ్డకి జిప్పు ఉండాలి. ఇట్లా చేస్తే ఫ్యాక్టరీలో టైమ్ పెద్దగా పెరగదు, మనం మాత్రం ఐదు నిమిషాల్లో చక్రం మార్చుకోవచ్చు.

ఈసారి పెట్టె కొనేటప్పుడు రంగు చూడకముందే ఇవి చూడండి:

లోపలి గుడ్డకి జిప్పు ఉందా? ఉంటే తెరవండి.
చక్రం దగ్గర స్క్రూ తలలు కనిపిస్తున్నాయా, గుండ్రటి రివెట్ తలలా?
పిడి గొట్టాలు కూడా స్క్రూలతోనే బిగించారా?
ఇలాంటి చక్రం విడిగా దొరుకుతుందా అని షాపులో అడగండి.

మా తమ్ముడు తిరిగొచ్చాక ఒక శుక్రవారం కూర్చున్నాం. రివెట్లు డ్రిల్లుతో తీసేశాం. పడేసిన పాత పెట్టె చక్రం పెట్టబోతే బొక్కలు కలవలేదు, కొత్తవి వేశాం. లోపల వెడల్పు వాషర్లు, ఎం5 బోల్టులు, నైలాక్ నట్లు బిగించాం. మొత్తం గంట పట్టింది. ఆ బోల్టులు ఫ్యాక్టరీలోనే ఉండుంటే ఆ రాత్రి మాకు తాడు అవసరం పడేది కాదు.