విషద్రావణములు కలుపుట: ప్రయోగశాల నేర్పు పాఠములు

భూసార పరీక్షకు మట్టి నమూనా పంపిన రైతు సోదరులకు కొన్నాళ్లకు ఒక కార్డు చేరును. సేంద్రియ కర్బనము ఇంత, భాస్వరము ఇంత, పొటాషు ఇంత అని అందులో అంకెలు ఉండును. ఆ అంకెలు చూచి ఎరువు వేయువారు అనేకులు కలరు. కాని వాటిని రాబట్టుటకు ప్రయోగశాలలో ఎటువంటి ద్రావణములు వాడుదురో తెలిసినవారు తక్కువ. సేంద్రియ కర్బనము కనుగొనుటకు 1934లో వాక్లీ, బ్లాక్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతిని నేటికిని అనేక ప్రయోగశాలలు అనుసరించుచున్నవి. ఒక గ్రాము మట్టికి 10 మి.లీ. పొటాషియం డైక్రోమేటు ద్రావణమును, 20 మి.లీ. గాఢ గంధకామ్లమును చేర్చి అరగంట ఉంచుదురు. మొదటిది క్యాన్సరు కలిగించు గుణము గలది. రెండవది చర్మముపై పడినచో కాల్చివేయును, కంటిలో పడినచో చూపు పోవును. ఇట్టి ద్రావణముల మధ్య దినమంతయు పనిచేయు ఉద్యోగులు క్షేమముగా ఇంటికి పోవుచున్నారన్న అది అదృష్టము వల్ల కాదు. కొన్ని నియమములను ఒక్కనాడును తప్పక పాటించుట వల్లనే.

అంతే ప్రమాదకరమైన ద్రావణములను మన పల్లెలలో చెట్టు క్రింద, కాలువ గట్టున, వట్టి చేతులతో కలుపుచున్నారు. పురుగుమందు సీసా మూత తీసి, కొలిచి, నీటిలో కలుపు ఆ అయిదు నిమిషములు ఆ చెట్టు నీడయే ఒక ప్రయోగశాల. కావున ప్రయోగశాలలోని నియమములు ఏవి, వాటికి కారణమేమి, పొలములో వాటిని ఎట్లు అమలుపరుపవచ్చును అను విషయములను ఈ వ్యాసములో వివరింతుము.

అపాయమంతయు చిక్కని మందులోనే

పిచికారి చేయునప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొను రైతులు కూడ మందు కలుపునప్పుడు ఏ జాగ్రత్తయు తీసికొనరు. ఇది తలక్రిందుల పద్ధతి. ఒక మందును లీటరు నీటికి 2.5 మి.లీ. చొప్పున కలుపవలెనని చీటీపై ఉన్నదనుకొందము. అనగా సీసాలోని మందు పిచికారి ద్రావణము కన్న 400 రెట్లు చిక్కనైనది. ఒక మి.లీటరుకు సుమారు 20 చుక్కలు వచ్చును. సీసాలోని మందు ఒక్క చుక్క చేతిపై పడినచో, కలిపిన ద్రావణము 20 మి.లీ. పడినదానితో సమానము. ప్రయోగశాలలో గాఢ ద్రావణమును ముట్టువారు ముందుగా చేతి తొడుగులు, కంటి అద్దములు ధరించుటకు కారణమిదే.

మందు నోటిలోనికి పోయిననే అపాయమని పలువురు తలంతురు. అది పొరపాటు. పారాథియాన్ అను పురుగుమందు చర్మము ద్వారా శరీరములోనికి ఎంత చేరునో మైబాక్ అను వైద్యుడును, ఆయన సహచరులును పరిశోధించి 1971లో ప్రకటించిరి. ముంజేతిపై పూసిన దానిలో సుమారు 9 శాతము, నుదుటిపై పూసిన దానిలో 36 శాతము, చంకలో పూసిన దానిలో 64 శాతము లోనికి చేరినట్లు తేలినది. మందు కలిపిన చేతితో నుదుటి చెమట తుడుచుకొనుట ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహింపవచ్చును. తడిసిన పంచెను, లుంగీని సాయంత్రము వరకు మార్చకుండుట అంతకన్న ప్రమాదము.

కావున మందు కలుపునప్పుడు మోచేతుల వరకు వచ్చు రబ్బరు తొడుగులు ధరింపవలెను. గుడ్డ తొడుగులు పనికిరావు. అవి మందును పీల్చుకొని చర్మమునకు అంటిపెట్టుకొని ఉండును. ద్రావణమును చేతితో కలియబెట్టరాదు. పొడుగైన కర్రతో కలుపవలెను. ఆ కర్రను, బకెట్టును, కొలత పాత్రను ఆ పనికే ప్రత్యేకించి, ఇంటిలోనికి తేకుండ ఉంచవలెను. సీసా మూతతో ఉజ్జాయింపుగా కొలుచుట అపాయము మాత్రమే కాక డబ్బు దండుగ కూడ.

దేనిని దేనిలో పోయవలెను?

ప్రయోగశాలలో చేరిన కొత్త ఉద్యోగికి మొట్టమొదట నేర్పు సూత్రము ఒకటి కలదు. ఆమ్లమును నీటిలో పోయవలెను గాని, నీటిని ఆమ్లములో పోయరాదు. గాఢ గంధకామ్లము నీటితో కలిసినప్పుడు విపరీతమైన వేడి పుట్టును. ఆమ్లము నీటి కన్న సుమారు 1.84 రెట్లు బరువైనది. కావున దానిపై పోసిన నీరు పైననే నిలిచి, తటాలున మరిగి, ఆమ్లమును వెంటబెట్టుకొని ముఖము మీదికి చిమ్మును. ఎక్కువ నీటిలో ఆమ్లమును సన్నని ధారగా, కలియబెట్టుచు పోసినచో ఆ వేడిని నీరంతయు పంచుకొనును.

ఈ సూత్రము పత్తి రైతుకు కూడ అవసరము. కంపెనీ విత్తనము నూగు తీసియే వచ్చుచున్నది గాని, సొంత విత్తనము నిలువ చేసికొనువారు గంధకామ్లముతో నూగు తీయుదురు. కిలో గింజలకు సుమారు 100 మి.లీ. గాఢ ఆమ్లమును ప్లాస్టిక్ బకెట్టులో వేసి, 2 లేక 3 నిమిషములు కర్రతో కలియబెట్టుదురు. ఆ పిమ్మట కడుగుటలోనే అపాయమున్నది. ఆమ్లముతో తడిసిన గింజలపై చెంబెడు నీరు పోయరాదు. నిండుగా నీరున్న పెద్ద తొట్టిలోనికి గింజలను కొంచెము కొంచెముగా జారవిడువవలెను. తరువాత నాలుగైదు సార్లు కడిగి, తేలిన తాలు గింజలను తీసివేసి, సున్నపు తేట నీటిలో ముంచి, మరల కడిగి నీడన ఆరబెట్టవలెను. ఇనుప బకెట్టు వాడరాదు. ఈ పనిచేయు చోటికి పిల్లలను రానీయరాదు.

కలుపు క్రమమునకు మరియొక ఉదాహరణ బోర్డో మిశ్రమము. ఒక శాతము మిశ్రమమునకు 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము, 100 లీటర్ల నీరు కావలెను. రెండిటిని వేర్వేరుగా నీటిలో కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలియబెట్టవలెను. తుత్తము కరిగించుటకు మట్టి, చెక్క లేక ప్లాస్టిక్ పాత్రనే వాడవలెను. తయారైన మిశ్రమములో మెరుగు పెట్టిన చాకును కొద్దిసేపు ముంచినచో ఎర్రని రాగి పూత పట్టరాదు. పట్టినచో సున్నము చాలలేదని అర్థము. అట్టి మిశ్రమము ఆకులను మాడ్చును.

నోటితో పీల్చరాదు, ఊదరాదు

ద్రావణమును కొలుచుటకు ప్రయోగశాలలో పిపెట్టు అను సన్నని గాజు గొట్టమును వాడుదురు. పూర్వము దానిని నోటితో పీల్చు అలవాటు ఉండెడిది. ఇప్పుడు రబ్బరు బంతిని తగిలించి పీల్చుటయే నియమము. పొలములో జరుగు పని ఏమి? సీసా మూతను పంటితో కొరికి తీయుదురు. పెద్ద డబ్బాలోని మందును గొట్టముతో నోట పీల్చి దింపుదురు. స్ప్రేయరు నాజిల్‌లో నలుసు అడ్డుపడినచో నోట పెట్టి ఊదుదురు. ఈ మూడును ప్రాణాంతకములు. నాజిల్‌ను నీటిలో కడిగి, పాత పళ్లకుంచెతో శుభ్రపరుపవలెను. ద్రావణమును ముందుగా గుడ్డతో వడపోసి ట్యాంకులో పోసినచో నలుసు పడుటయే తగ్గును. ప్రయోగశాలలో తినుట, త్రాగుట, పొగ త్రాగుట నిషేధము. మందు కలుపు చోట కూడ బీడీ, తాంబూలము, సద్ది మూట ఉండరాదు.

చీటీ లేని సీసా శత్రువు

గాఢ ఆమ్లము, విష ద్రావణము, మంచి నీరు, ఈ మూడును గాజు సీసాలో చూచుటకు ఒకే విధముగా ఉండవచ్చును. అందుచేతనే ద్రావణము పేరు, బలము, తయారైన తేదీ వ్రాసిన చీటీ లేని సీసాను ప్రయోగశాలలో ముట్టరు. పల్లెలో మాత్రము మిగిలిన పురుగుమందును సారా సీసాలోనో, కూల్ డ్రింకు సీసాలోనో పోసి చూరులో ఉంచుదురు. దాహముతో వచ్చిన పిల్లవానికి అది ఏమని తెలియును?

ఈ విషయమున మన దేశము చాల నష్టపోయినది. 1958లో కేరళలో పారాథియాన్ కలుషితమైన ఆహారము తిని 100 మందికి పైగా మరణించిరి. పురుగుమందును, ఆహార పదార్థములను కలిపి రవాణా చేయుటయే అందుకు కారణము. ఆ పిమ్మట దేశమునకు 1968లో పురుగుమందుల చట్టము, 1971లో దాని నియమావళి వచ్చినవి. అయినను 2013 జులైలో బీహారు రాష్ట్రములోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు ప్రయోగశాల పరీక్షలో తేలినది.

మందు డబ్బాపై కోణము మీద నిలిపిన చతురస్రము ముద్రించి ఉండును. దాని క్రింది సగపు రంగు విషతీవ్రతను తెలుపును. ఎరుపు అత్యంత విషపూరితము. దానిపై పుర్రె గుర్తు కూడ ఉండును. పసుపు తీవ్ర విషము. నీలము మధ్యరకము. ఆకుపచ్చ తక్కువ విషము. ఆకుపచ్చ అనగా విషము లేదని అర్థము కాదు. చదువు రానివారు కూడ ఈ రంగులను గుర్తింపగలరు. కావున కూలీలకు పని చెప్పుటకు ముందు డబ్బాను చూపి రంగు అర్థము చెప్పవలెను. మందును కొన్న డబ్బాలోనే, చీటీ చెడకుండ, తాళము వేసిన పెట్టెలో, ఆహారమునకు, పశువుల దాణాకు దూరముగా ఉంచవలెను.

గాలి వాలు

ఘాటైన ఆవిరులు వచ్చు ద్రావణములను ప్రయోగశాలలో గాలిని బయటికి లాగు ప్రత్యేకపు అరలో కలుపుదురు. రైతుకు అట్టి అర లేదు గాని గాలి ఉన్నది. గాలి వచ్చు వైపునకు వీపు పెట్టి నిలిచి కలుపవలెను. మూసిన గదిలో, పశువుల పాకలో కలుపరాదు. పిచికారి చేయునప్పుడును గాలికి ఎదురు నడువరాదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తిపై మందు చల్లిన రైతులు, కూలీలు సుమారు 20 మంది విషప్రభావముతో మరణించిరి. ఏపుగా పెరిగిన పైరులో తగిన రక్షణ దుస్తులు లేకుండ చల్లుట అందుకు ఒక కారణమని గుర్తించిరి. ఎండ తీవ్రముగా ఉన్నప్పుడు చల్లుట మాని, ఉదయమో సాయంత్రమో చల్లవలెను.

మిగిలిన మందు, ఖాళీ డబ్బా

వాడిన ద్రావణమును ప్రయోగశాలలో కాలువలో పారబోయక, వేరు పాత్రలో సేకరించి ఉంచుదురు. రైతులు కూడ స్ప్రేయరును చెరువులో, బావి గట్టున, పశువులు నీరు త్రాగు తొట్టిలో కడుగరాదు. ఎన్ని ట్యాంకులు కావలెనో ముందుగా లెక్కించి అంతే కలిపినచో మిగులుటయే ఉండదు. డబ్బా ఖాళీ అయిన వెంటనే అందులో పావు వంతు నీరు పోసి, మూత బిగించి బాగుగా కుదిపి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోయవలెను. ఇట్లు మూడు సార్లు చేయవలెను. దీనివల్ల డబ్బాకు అంటిన మందు కూడ పైరుకే చేరును. పిమ్మట డబ్బాకు తూట్లు పొడిచి, మరల ఎవరును వాడకుండ చేసి, నీటి వనరులకు దూరముగా లోతుగా పూడ్చవలెను. కాల్చరాదు. కడిగినను అందులో నీరు, నూనె, పప్పు దినుసులు పోయరాదు.

ప్రమాదము జరిగినచో

ప్రయోగశాలలో నీటి కుళాయి ఎప్పుడును చేతికి అందుబాటులో ఉండును. మందు కలుపు చోట కూడ రెండు బిందెల మంచి నీరు, సబ్బు సిద్ధముగా ఉంచుకొనవలెను. చర్మముపై పడినచో తడిసిన బట్టలు వెంటనే తీసివేసి, సబ్బుతో బాగుగా కడుగవలెను. కంటిలో పడినచో 15 నిమిషములు ధారగా నీరు పోయవలెను. ఆమ్లము పడినచో చర్మముపై సున్నము గాని, సోడా గాని రుద్దరాదు. ధారాళముగా నీటితో కడుగుటయే మార్గము. మందు మ్రింగినవారికి ఉప్పునీరు పట్టించి బలవంతముగా వాంతి చేయింపరాదు. ఆమ్లము తిరిగి వచ్చునప్పుడు గొంతును మరల కాల్చును. మందులోని నూనె ద్రావకము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

అధిక చెమట, నోట చొంగ, వాంతి, కండరములు అదురుట, కనుపాప సూదిమొన వలె చిన్నదగుట కనిపించినచో అది ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందు ప్రభావమని అనుమానింపవలెను. దీనికి వైద్యులు అట్రోపిన్ ఇచ్చెదరు. గడ్డి మందులలోని పారాక్వాట్‌కు మాత్రము ప్రత్యేకమైన విరుగుడు లేదు. కావున ముందు జాగ్రత్త ఒక్కటే దిక్కు. ఏ మందైనను వెంటనే 108 వాహనమును పిలిచి, రోగితో పాటు మందు డబ్బాను కూడ ఆసుపత్రికి పంపవలెను. ఏ మందో తెలియనిదే వైద్యుడు చికిత్సలో విలువైన కాలమును పోగొట్టుకొనవలసి వచ్చును.

గ్రామాధికారులు చేయదగిన పని

పైరు కాలమునకు ముందు గ్రామములో ఒక సమావేశము జరిపి, డబ్బాపై రంగులను చూపి, తొడుగులు ధరించి మందు కలుపు విధమును ప్రత్యక్షముగా ప్రదర్శింపవలెను. ఖాళీ డబ్బాలు పూడ్చుటకు ఒక చోటు నిర్ణయింపవలెను. పాఠశాలలో, అంగన్‌వాడీలో వంట సామగ్రి ఉన్న గదిలో పురుగుమందు ఏదియు లేకుండ చూడవలెను. మందు చల్లు పని కూలీలదే గనుక, తొడుగులు, సబ్బు, నీరు ఏర్పాటు చేయు బాధ్యత పొలము యజమానిదని చెప్పవలెను.

రబ్బరు తొడుగులు, కొలత పాత్ర, కర్ర, బకెట్టు, సబ్బు, రెండు బిందెల నీరు. ఇవన్నియు కలిపి ఒక మందు సీసా వెల కన్న ఎక్కువ కావు. పురుగును చంపుటకు కొన్న మందు పైరును కాపాడవలెను గాని, దానిని కలిపిన చేతిని కాటువేయరాదు. రేపు ఉదయము సీసా మూత తీయుటకు ముందు రైతు సోదరులు చీటీ చదివి, తొడుగులు ధరించి, గాలి వాలు చూచి పని ప్రారంభింతురు గాక.