బెల్లం కమీషను వ్యాపారికి 8 శాతం లెక్క వర్తించదు

చోడవరం, అనకాపల్లి ప్రాంతాలలో కొత్తగా బెల్లం దుకాణం తెరచినవారు మొదటి ఇన్‌కంటాక్సు రిటర్ను వేసే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అమ్మిన సరుకు ఎవరిది? రైతుదా, దుకాణదారుదా? పన్ను లెక్క యావత్తూ దీనిపైనే ఆధారపడి వున్నది.

చిన్న వ్యాపారులకు 1961 చట్టం 44ఎడి సెక్షన్ కింద ఒక సదుపాయం కల్పించారు. టర్నోవరు 2 కోట్లు మించకుంటే అందులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతం లాభంగా చూపితే చాలు, పద్దు పుస్తకాలు చూపనక్కరలేదు. నగదు రాబడి 5 శాతం లోపున్న వారికి యీ పరిమితి 3 కోట్లు. వినడానికి సులువుగా వున్నందున కొత్తవారు దీనికే మొగ్గుతారు. అయితే కమీషను, బ్రోకరేజి ఆదాయానికీ, ఏజన్సీ వ్యాపారానికీ యిది వర్తించదని అదే సెక్షన్ చెబుతున్నది.

ఒక ఉదాహరణ. ఒక ఏజెంటు 2025-26లో రైతుల తరఫున 2 కోట్ల రూపాయల బెల్లం నగదుకు అమ్మి, 8 లక్షల కమీషను పొందాడనుకుందాం. అద్దె, గుమాస్తా జీతం వగైరా ఖర్చులు 3 లక్షలు పోగా నికరాదాయం 5 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు వున్నందున అతను కట్టవలసిన పన్ను లేదు. అదే మనిషి పొరపాటున 2 కోట్లనూ తన టర్నోవరుగా రాసి 8 శాతం లెక్క వేస్తే ఆదాయం 16 లక్షలవుతుంది. సెస్సుతో కలిపి పన్ను 1,24,800 రూపాయలు! చేతికి రాని లాభంపై పన్ను కట్టినట్లే.

ఈ తగవు పాతదే. 1985-86 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి 40 లక్షల టర్నోవరు దాటిన వ్యాపారులకు ఆడిట్ తప్పనిసరి చేసినపుడు దేశమంతటా కమీషను వర్తకులు ఆందోళన చెందారు. దరిమిలా ప్రత్యక్ష పన్నుల బోర్డు 1986 మార్చి 17న 452వ సర్క్యులర్ జారీ చేసింది. ధర పడితే నష్టం సరుకుదారుదే అయి, కమీషను మాత్రమే పుచ్చుకొనే కచ్చా అడ్తీకి టర్నోవరు అంటే కమీషనే. సొంత పూచీపై కొని అమ్మే పక్కా అడ్తీకి మాత్రం అమ్మకాలన్నీ టర్నోవరే. ఆడిట్ పరిమితి తరువాత 1 కోటికి పెరిగింది. నగదు లావాదేవీలు 5 శాతం మించని వారికి 10 కోట్లు.

చిక్కల్లా రెండూ కలిపి చేసేవారితోనే. ఉదయం రైతు దిమ్మలు అమ్మిపెట్టి, ధర మందగించిన రోజున కొంత సరుకు తామే కొని నిలవ చేసేవారున్నారు. అలాంటివారు రెండు వ్యాపారాలకూ వేరువేరు పద్దులు పెట్టుకోవాలి. రైతుకిచ్చే పట్టీ నకలు, చిట్టా, ఆవర్జా సరిగా వుంటేనే సరుకు ఎవరిదో రుజువవుతుంది. బ్యాంకు ఖాతాలో పడిన సొమ్మంతా మీదేనా అని అధికారి అడిగితే నోటిమాట చెల్లదు.

కమీషను ఆదాయానికి ఐటిఆర్-3 ఫారం వేయాలి, ఐటిఆర్-4 కాదు. పన్ను 10 వేలు దాటేట్లయితే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీలలో అడ్వాన్సు టాక్సు కట్టాలి. ఆదాయం పన్ను పరిమితి లోపే వున్నా, కరెంటు ఖాతాలలో ఏడాదికి 1 కోటికి మించి జమలున్నవారు రిటర్ను వేయక తప్పదు. రైతుల సొమ్ము తమ ఖాతా గుండా నడిపే ఏజెంట్లకు యీ నిబంధన యిట్టే తగులుతుంది.

బెల్లం వండే రైతు సంగతి వేరు. పంటను మార్కెట్టుకు తేవడానికి సాగుదారు మామూలుగా చేసే ప్రక్రియ వరకే వ్యవసాయాదాయం. గోవాడ మిల్లు దశాబ్దాలపాటు చెరకునే కొన్న ప్రాంతమిది గనుక, బెల్లం వండటం ఆ కోవలోకి వస్తుందా అన్న ప్రశ్న రావచ్చు.

2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. పాన్ నంబరు మారలేదు గాని, చిరునామా సరిచేసుకోనివారు సరిచేసుకోవడం మంచిది. 2025లో రిటర్నుల గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 16కు జరిగింది. ఏటా అలా జరుగుతుందనే భరోసా లేదు. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి. అది 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది గనుక 2025-26 ఆదాయానికి పాత నంబర్లే చూసుకోవాలి.