పక్కవాడు రూలు తప్పితే...

ఆటగాడు తప్పు చేస్తే అంపైర్ పట్టుకుంటాడు. మరి అంపైరే రూలు తప్పితే? ఆ సంగతి రెండో అంపైర్‌కు తెలిస్తే? చెబితే జతగాడి పరువు పోతుంది. చెప్పకపోతే ఆట పాడవుతుంది. బేస్‌బాల్ అంపైర్లకు ఇది రోజూ ఉండే చిక్కే!

2013 మే 9. అమెరికాలోని హ్యూస్టన్. ఆస్ట్రోస్, ఏంజెల్స్ జట్ల మధ్య బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. ఏడో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రోస్ మేనేజర్ బో పోర్టర్ కొత్త పిచర్‌ను దించాడు. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. వచ్చినతను వెస్లీ రైట్. ఇంతలో ఏంజెల్స్ తమ బ్యాటర్‌ను మార్చింది. అది చూసి పోర్టర్ మళ్లీ మైదానంలోకి వచ్చాడు. బ్యాటర్‌కు ఒక్క బంతి కూడా వేయని రైట్‌ను వెనక్కి పిలిచి, హెక్టర్ ఆంబ్రిజ్ అనే మరో పిచర్‌కు బంతి ఇచ్చాడు.

రూలు ప్రకారం అది కుదరదు. అప్పటి నిబంధన ప్రకారం కొత్తగా వచ్చిన పిచర్ కనీసం ఒక్క బ్యాటర్ సంగతైనా తేల్చాలి. గాయపడితే తప్ప మినహాయింపు లేదు. (2020 నుంచి అది ముగ్గురు బ్యాటర్లకు పెరిగింది.) ఏంజెల్స్ మేనేజర్ మైక్ సోషియా మైదానంలోకి వచ్చి లబోదిబోమన్నాడు. అంపైర్లు నలుగురూ ఒకచోట చేరి మాట్లాడుకున్నారు. చివరికి పోర్టర్ మాటకే సరేనన్నారు!

సోషియా అధికారికంగా అభ్యంతరం నమోదు చేశాడు. చివరికి ఏంజెల్స్ 6-5తో గెలవడంతో దాని అవసరం లేకపోయింది. కానీ లీగ్ ఊరుకోలేదు. అంపైర్లు రూలును తప్పుగా అమలు చేశారని మర్నాడే ప్రకటించింది. ఆ బృందానికి పెద్ద అయిన ఫీల్డిన్ కల్‌బ్రెత్‌ను రెండు మ్యాచ్‌ల పాటు పక్కన పెట్టింది. మిగిలిన ముగ్గురికీ జరిమానా వేసింది. పెద్దాయన ఒప్పుకున్నాడు కదా, మనకెందుకు అనుకోవడానికి లేదన్నమాట. తప్పు జరుగుతుంటే పక్కన నిలబడ్డ వాళ్లకూ అందులో వాటా ఉందని లీగ్ తేల్చేసింది.

తప్పుల్లో రెండు రకాలు

అంతకు ముందురోజు, మే 8న, క్లీవ్‌లాండ్‌లో మరో గొడవ. ఓక్లాండ్ ఆటగాడు ఆడమ్ రొసాలెస్ కొట్టిన బంతి హోమ్ రన్ అవునా కాదా అని అంపైర్లు వీడియో చూశారు. చూశాక కూడా కాదన్నారు. నిర్ణయం తప్పని లీగే ఒప్పుకొంది. కానీ దాన్ని మార్చలేదు, ఎవరినీ సస్పెండ్ చేయలేదు. ఎందుకంటే అది ‘చూపు’కు సంబంధించిన తప్పు. హ్యూస్టన్‌లో జరిగింది ‘రూలు’ తప్పు. బేస్‌బాల్‌లో ఈ రెండింటికీ మధ్య పెద్ద గోడే ఉంది.

రన్నర్ అవుటా, సేఫా? బంతి గీత లోపల పడిందా, బయట పడిందా? ఇవి కంటికి సంబంధించినవి. పక్కనున్న అంపైర్‌కు వేరేలా కనిపించినా, చూడాల్సినవాడు చూసి చెప్పాక ఆ మాటే చెల్లుతుంది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో పిచర్ అర్మాండో గలరాగా వరసగా 26 మందిని అవుట్ చేశాడు. ఇరవై ఏడోవాడు కూడా అవుటైతే ‘పర్‌ఫెక్ట్ గేమ్’ అనే అరుదైన ఘనత దక్కేది. ఆ ఇరవై ఏడోవాణ్ని అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. మ్యాచ్ తర్వాత వీడియో చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఎంత ఏడ్చినా రికార్డు మాత్రం మారలేదు.

రూలు సంగతి అలా కాదు. అది పుస్తకంలో ఉంటుంది, దిద్దుకోవచ్చు. అయితే దిద్దే దారి కూడా పుస్తకమే చెబుతుంది. నిర్ణయం రూలుకు విరుద్ధంగా ఉందనిపిస్తే మేనేజర్ అడగొచ్చు... ఆ నిర్ణయం చెప్పిన అంపైర్‌నే అడగాలి. ఆ అంపైర్ కావాలనుకుంటే తోటివాళ్ల సలహా తీసుకోవచ్చు. అతను అడగనిదే మరో అంపైర్ ఆ నిర్ణయాన్ని విమర్శించకూడదు, మార్చాలని చూడకూడదు, జోక్యం చేసుకోకూడదు. చిక్కంతా ఇక్కడే. తప్పు చేస్తున్నానని తెలియనివాడు సలహా ఎందుకడుగుతాడు?

‘ఒకటి ప్లస్ ఒకటి’

పెద్ద లీగుల్లో నలుగురు అంపైర్లుంటారు, 2014 నుంచి వీడియో సాయమూ విస్తరించింది. అసలు అవస్థ పిల్లల ఆటలది. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైన లిటిల్ లీగ్ మ్యాచ్‌లకు చాలాచోట్ల స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే అంపైర్లు. తరచూ ఇద్దరే ఉంటారు. ఒకరు బ్యాటర్ వెనక, మరొకరు బేస్‌ల దగ్గర. పిల్లలతో అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో కొందరికి ఈ మైదానాలు పరిచయమే. సెలవురోజు పొద్దున్నే మడత కుర్చీ వేసుకుని మనవడి ఆట చూస్తూ, ఎందుకు చప్పట్లు కొడుతున్నారో తెలియక తామూ కొట్టిన తాతయ్యలు ఉండే ఉంటారు.

ఆ మైదానాల్లో కొన్ని ‘రూళ్లు’ నోటి మాటగా తిరుగుతుంటాయి. పుస్తకంలో ఎక్కడా ఉండవు. ‘ఒకటి ప్లస్ ఒకటి’ అలాంటిదే. ఫీల్డర్ విసిరిన బంతి మైదానం దాటిపోతే, రన్నర్‌కు తాను వెళుతున్న బేస్‌తో పాటు మరొకటి ఇస్తారని చాలామంది నమ్మకం. అసలు నిబంధన రెండు బేస్‌లు ఇవ్వమంటుంది. రన్నర్ ఎటు పరిగెడుతున్నాడన్నది లెక్కలోకి రాదు.

తేడా ఎక్కడొస్తుందంటే... మొదటి బేస్‌లో ఓ పిల్లాడు ఉన్నాడు. బంతి గాల్లోకి లేవగానే రెండో బేస్ వైపు పరుగు తీశాడు. అవుట్‌ఫీల్డర్ క్యాచ్ పట్టేశాడు. పిల్లాడు మొదటి బేస్‌ను మళ్లీ తాకాలి కాబట్టి వెనక్కి తిరిగాడు. అతణ్ని అవుట్ చేయాలని ఫీల్డర్ విసిరిన బంతి గురి తప్పి మైదానం బయట పడింది. బేస్‌ల దగ్గరున్న అంపైర్ ‘ఒకటి ప్లస్ ఒకటి’ అంటూ పిల్లాణ్ని రెండో బేస్‌కు పంపాడు. నిజానికి బంతి చేయి వదిలినప్పుడు పిల్లాడు మొదటి, రెండో బేస్‌ల మధ్య ఉన్నాడు. మొదటి బేస్ నుంచి రెండు లెక్కపెట్టి మూడో బేస్ ఇవ్వాలి. అక్కడి నుంచి పరుగు ఒక్క అడుగు దూరం!

బ్యాటర్ వెనకున్న అంపైర్‌కు ఆ రూలు తెలుసు. కోచ్‌లిద్దరికీ తెలియదు, అడగరు. ఏం చేయాలి?

మొదటి దారి సులువు. మాస్కు పైకెత్తి ‘కాదు కాదు, మూడో బేస్!’ అని అరవడం. రూలు నిలబడుతుంది, జతగాడు కూలిపోతాడు. ఇక ఆ పూట అతను ఏం చెప్పినా కోచ్‌లు ‘ఆయన్నడగండి’ అంటూ రెండోవాడి వైపే చూస్తారు. రెండో దారి ఇంకా సులువు. నోరు మూసుకోవడం. దీనికి మర్యాద అని పేరు పెట్టుకునేవాళ్లున్నారు. జతగాడి మొహం కోసం పిల్లాడి బేస్ మింగేయడం ఎలాంటి మర్యాదో వాళ్లే చెప్పాలి.

అనుభవజ్ఞులు నడిచేది మూడో దారి. ముందు ‘టైమ్’ అని ఆట ఆపుతారు. పరుగెత్తరు, చేతులూపరు. మామూలుగా నడుచుకుంటూ జతగాడి దగ్గరికి వెళతారు. కోచ్‌లు దగ్గరికొస్తే వెనక్కి పంపేస్తారు. చెప్పేది కూడా ‘నువ్వు తప్పు’ అని కాదు. ‘బంతి వదిలినప్పుడు రన్నర్ ఎక్కడున్నాడు?’ అని అడుగుతారు. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే అవతలివాడికి లైటు వెలుగుతుంది. వెలగకపోతే రూలు రెండు ముక్కల్లో చెబుతారు. తర్వాతది మరీ ముఖ్యం... మారిన నిర్ణయాన్ని మొదట చెప్పినవాడే ప్రకటించాలి. చెప్పినవాడు కాదు, చెప్పించుకున్నవాడు చేయెత్తి పిల్లాణ్ని మూడో బేస్‌కు పంపాలి.

ఇదంతా తర్వాతి బంతి పడేలోపే. లిటిల్ లీగ్‌లో రూలుపై అభ్యంతరం చెప్పాలన్నా తర్వాతి ఆట మొదలవక ముందే చెప్పాలి. అందుకే మంచి జోడీలు మ్యాచ్‌కు ముందే మాట్లాడుకుంటాయి. ‘నేను రూలు తప్పితే వచ్చి చెప్పు, నువ్వు తప్పితే నేనొస్తా’ అని. ఆ మాట ముందు అనుకుంటే, తర్వాత నడిచి వెళ్లడం అవమానంలా కనిపించదు.

జతగాడు ఎంత చెప్పినా వినకపోతే? అతని నిర్ణయమే నిలుస్తుంది. కోచ్ వచ్చి ‘మీకు తెలుసు కదా, ఇది తప్పేగా?’ అని గుచ్చినా సమాధానం ఒకటే... ‘చెప్పింది ఆయన, ఆయన్నే అడగండి.’ మిగతా వాదన మ్యాచ్ అయ్యాక, కార్ల దగ్గర, పుస్తకం ముందు పెట్టుకుని.

మనకూ తెలిసిన కథే

క్రికెట్ అభిమానులకు ఇది కొత్తేం కాదు. 2007 ఏప్రిల్ 28న బార్బడోస్‌లో ప్రపంచకప్ ఫైనల్. వెలుతురు పోయింది. ఫలితం తేలడానికి కావాల్సిన 20 ఓవర్లు ఎప్పుడో దాటిపోయాయి. ఆస్ట్రేలియా సంబరాలు మొదలుపెట్టింది కూడా. కానీ మిగిలిన మూడు ఓవర్లు ఆడాల్సిందేనని అధికారులు పట్టుబట్టి చీకట్లోనే ఆడించారు. స్టీవ్ బక్నర్, అలీమ్ దార్, రూడీ కోట్జెన్, బిల్లీ బౌడెన్, రిఫరీ జెఫ్ క్రో... ఐదుగురూ హేమాహేమీలే. ఒక్కరూ ఆపలేకపోయారు. ఆ ఏడాది టీ20 ప్రపంచకప్‌కు ఐదుగురినీ ఐసీసీ పక్కన పెట్టింది. 2019 జులై 14న లార్డ్స్ ఫైనల్‌లో స్టోక్స్ బ్యాట్‌కు తగిలి బౌండరీకి పోయిన త్రోకు ఆరు పరుగులిచ్చిన కుమార ధర్మసేన కూడా తోటి అంపైర్‌తో మాట్లాడాకే ఇచ్చాడు. ఐదే ఇవ్వాల్సిందని మాజీ అంపైర్ సైమన్ టోఫెల్ తర్వాత చెప్పాడు. ఇద్దరికీ ఒకే రూలు తట్టకపోతే సంప్రదింపులూ కాపాడలేవు.

బేస్‌బాల్‌లో పేరుమోసిన రూలు గొడవ మాత్రం 1983 జులై 24నాటిది. న్యూయార్క్‌లో కాన్సాస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ హోమ్ రన్ కొట్టి జట్టును 5-4 ఆధిక్యంలోకి తెచ్చాడు. బ్యాట్‌కు పట్టు కోసం పూసే పైన్ జిగురు 18 అంగుళాలు దాటిందని యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ ఫిర్యాదు చేశాడు. అంపైర్లు కూడబలుక్కున్నారు. 17 అంగుళాల హోమ్ ప్లేట్ పక్కన బ్యాట్ పెట్టి టిమ్ మెక్‌లెలండ్ కొలిచాడు. బ్రెట్ అవుటన్నాడు. దాంతో మ్యాచ్ అక్కడికక్కడే ముగిసింది. కాన్సాస్ సిటీ అభ్యంతరాన్ని లీగ్ అధ్యక్షుడు లీ మాక్‌ఫెయిల్ ఒప్పుకున్నాడు. బ్యాట్‌ను తీసేయాలే గానీ కొట్టిన హోమ్ రన్‌ను కాదని తేల్చాడు. (పెద్ద లీగుల్లో ఇలాంటి అభ్యంతరాలకు 2020 నుంచి తావే లేదు.)

ఆగస్టు 18న ఆట ఆగినచోటి నుంచే మళ్లీ మొదలైంది. ఈసారి అంపైర్లు వేరే. మార్టిన్ కొత్త మెలిక పెట్టాడు. ఆ రోజు బ్రెట్ బేస్‌లన్నీ తాకాడో లేదో మీకేం తెలుసు, మీరు లేరుగా అన్నాడు. అంపైర్ డేవ్ ఫిలిప్స్ జేబులోంచి ఓ కాగితం తీశాడు. బ్రెట్ అన్ని బేస్‌లూ తాకాడని జులై 24నాటి అంపైర్లు సంతకాలు చేసి ఇచ్చిన అఫిడవిట్ అది!