వేగము తగ్గించిన చమురు మిగులునా?

రహదారులపై మోటారు వాహనముల వేగమును చట్టము ద్వారా తగ్గించి దేశమునకు చమురు మిగిల్చుట సాధ్యమా అను ప్రశ్న, చమురు ధర పెరిగినప్పుడెల్ల తల ఎత్తుచునే యున్నది. 2022వ సంవత్సరము మార్చి నెలలో, ఉక్రెయిన్ యుద్ధము మొదలైన కొలది వారములకే, అంతర్జాతీయ ఇంధన సంస్థ పది సూచనలు ప్రకటించినది. పెద్ద రహదారులపై వేగపరిమితిని గంటకు 10 కిలోమీటర్లైనను తగ్గింపుడనుట వానిలో మొదటిది. సలహా చెప్పుట తేలిక. దానిని సుమారు ఇరువది రెండేండ్లపాటు అమలు జరిపి చూచిన పెద్ద దేశ మొకటి కలదు. అది అమెరికా. అచ్చటి అనుభవ మెట్టిదో తెలిసికొన్న పిమ్మట ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట మేలు.

అంతకుముందు, వేగమునకును చమురునకును గల సంబంధమును కొంచెము పరిశీలింతము. బండి ముందునకు సాగవలెనన్న ఇంజను ముఖ్యముగా రెండు నిరోధముల నెదుర్కొనవలెను. ఒకటి చక్రములకును నేలకును నడుమ కలుగునది. ఇది వేగముతో అంతగా మారదు. రెండవది గాలి. సైకిలు తొక్కువారికి ఎదురుగాలి యనిన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. కారులో అద్దములు బిగించుకొని కూర్చున్నవారికి ఆ గాలి తెలియదు గాని ఇంజనునకు తెలియును. గాలి నిరోధము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారును 100 కిలోమీటర్లకు పెంచితిమనుకొనుడు. వేగము నాలుగవ వంతు మాత్రమే పెరిగినది; గాలి నిరోధము సగమునకు మించి పెరిగినది. అట్లని నత్తనడక నడిపిన లాభమా యనిన, అదియు లేదు. తక్కువ గేరులో మెల్లగా పోవునప్పుడు ఇంజను తన లోపలి రాపిడికే చమురు త్రాగుచుండును. సాధారణపు పెట్రోలు కారునకు మిక్కిలి పొదుపైన వేగము 60, 80 కిలోమీటర్ల నడుమ ఎచ్చటనో ఉండును. కావున శాస్త్రదృష్టితో చూచిన వేగపరిమితి వాదము బలమైనదే.

ఇక అమెరికా కథ. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము చెలరేగినది. ఇజ్రాయెల్‌కు తోడ్పడినదన్న కోపముతో అరబ్బు దేశములు అమెరికాకు చమురు పంపుట మానివేసినవి. పెట్రోలు బంకుల ముందు కారులు బారులు తీరినవి. 1974 జనవరి 2వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ ఒక శాసనముపై సంతకము చేసెను. దేశమంతటను గరిష్ఠవేగము గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 89 కిలోమీటర్లు. అంతవరకు ఆ నిర్ణయము రాష్ట్రములది. పెక్కు రాష్ట్రములలో 70, 75 మైళ్ల వరకు పోవచ్చును. మోంటానా రాష్ట్రములో పగటివేళ అంకెతో కూడిన పరిమితియే లేదు. కేంద్రము రాష్ట్రములను నేరుగా ఆజ్ఞాపింపలేదు. ఈ పరిమితిని పాటింపని రాష్ట్రమునకు రహదారుల కొరకిచ్చు ధనము నిలిపివేయుదుమని మాత్రము చెప్పినది. ఆ మాట చాలినది. అన్ని రాష్ట్రములును తలయొగ్గినవి. ఇట్టిది ఆ దేశమునకు పూర్తిగా క్రొత్తయు కాదు. 1942లో రబ్బరు తోటలు జపాను వశమైనప్పుడు టైర్లు అరగకుండుటకై గంటకు 35 మైళ్ల పరిమితి విధించిరి.

ఫలిత మేమి? పదేండ్ల తరువాత, 1984లో, అచ్చటి జాతీయ పరిశోధనా మండలి లెక్కలు తీసినది. మిగిలిన చమురు దినమునకు 1,67,000 పీపాలు. వినుటకు పెద్ద సంఖ్యయే గాని, రహదారులపై ఖర్చగు చమురులో అది నూటికి రెండు వంతులు మాత్రమే. 70 మైళ్ల నుండి 55 మైళ్లకు దిగిన కారు నూటికి 15 వంతులకు పైగా మిగుల్చుచుండగా దేశమున కింత తక్కువ మిగులుట ఏల? మొదటి కారణము, బండ్లు తిరుగు దూరములో పెద్ద భాగము పట్టణ వీథులలోనిది. అచ్చట ఎవరును 70 మైళ్ల వేగముతో పోవుటలేదు. ఈ చట్టము వారిని తాకనేలేదు. రెండవది, తాకినవారిలో పలువురు దానిని లెక్కచేయలేదు. మోంటానాలో పగటివేళ పరిమితి దాటినవారికి 5 డాలర్ల జరిమానా. వాహన చోదకులు ఆ నోటును సిద్ధముగా ఉంచుకొనిరన్న, చట్టమునకు దక్కిన గౌరవ మెంతటిదో ఊహించుకొనవచ్చును.

లారీ డ్రైవర్ల సంగతి వేరు. వారిది వేడుక గాదు, జీవనము. వారిలో పలువురకు కూలి నడచిన మైళ్లను బట్టి దక్కును. వేగము తగ్గెనన్న దినమునకు నడచు మైళ్లు తగ్గును, ఇంటికి తెచ్చు డబ్బు తగ్గును. ఒక ప్రక్క డీజిలు ధర పెరుగుచుండగా, వేగము తగ్గింతురన్న మాట వినినంతనే 1973 డిసెంబరులో వారు లారీలను అడ్డము నిలిపి రహదారులను స్తంభింపజేసిరి. చట్టము వచ్చిన పిమ్మట వారికి తోడైన సాధనము, రేడియో గల గృహస్థులకు వినోదము కలిగించునది, రేడియోయే. దగ్గరి దూరముల వరకు మాటలాడుకొనుటకు పనికివచ్చు చిన్న ప్రసార యంత్రములను లారీలలో అమర్చుకొని, పోలీసులు ఎచ్చట పొంచియున్నారో, పెట్రోలు ఎచ్చట దొరకునో ఒకరికొకరు తెలుపుకొనుచుండిరి. చమురు పొదుపు చట్ట మొకటి రేడియో యంత్రముల వ్యాపారమును పెంచుట వింతయే.

అయినను ఈ చట్టము వృథా యనరాదు. 1973లో అమెరికా రహదారులపై మరణించినవారు 54,052 మంది. 1974లో ఆ సంఖ్య 45,196కు దిగినది. చమురు కొరతచే ప్రయాణములే తగ్గుటయు దీనికొక కారణము. అదంతయు తీసివేసి చూచినను, తక్కువ వేగము వలన ఏటేటా 2,000 నుండి 4,000 ప్రాణములు దక్కెనని ఆ పరిశోధనా మండలియే అంచనా వేసినది. చమురు కొరకు పుట్టిన చట్టము ప్రాణముల పేరిట నిలిచినది. 1987లో కొన్ని రహదారులపై దానిని 65 మైళ్లకు సడలించిరి. 1995లో అధ్యక్షుడు క్లింటన్ కాలమున పూర్తిగా రద్దుచేసిరి. చమురు విషయములో ఎక్కువ మేలు చేసినది 1975లో వచ్చిన మరియొక చట్టము. 1985 నాటికి క్రొత్త కారులు సగటున గాలనునకు 27.5 మైళ్లు నడువవలెనని అది తయారీదారులను నిర్బంధించినది. ఆ పొదుపు డ్రైవరు సహనముపై ఆధారపడదు.

మరి వేగపరిమితి అక్కరయే లేదా? ఆపత్కాలమున ఉన్నదని నా అభిప్రాయము. మంచి ఇంజనులు దేశమంతట వ్యాపించుటకు పది పదునైదేండ్లు పట్టును. వేగపరిమితి మార్చుటకు కొలది దినములు చాలును. 2011 మార్చి 7న స్పెయిను ప్రభుత్వము, లిబియాలోని కల్లోలముచే చమురు ధర పెరుగగా, 120 కిలోమీటర్ల పరిమితిని 110కి తగ్గించినది. అందుకు పాత పలకలపై క్రొత్త అంకె గల కాగితములు అంటించినది. జూలై 1వ తేదీన పాత పరిమితియే మరల వచ్చినది. అవసరము తీరిన పిమ్మట తీసివేయుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు. శాశ్వతముగా ఉంచదలచినచో, ప్రాణరక్షణ కొరకని ప్రజలకు నేరుగా చెప్పుట ఉత్తమము.

లారీల విషయమున మాత్రము శాశ్వత పరిమితికి నేను అనుకూలుడను. ఎత్తుగా పెట్టెవలె నుండు వాని ముఖము గాలిని చీల్చుకొని పోవుటకు అనువైనది కాదు. అవి తిరుగు దూరమును ఎక్కువ. మన దేశములో 2015 అక్టోబరు 1 నుండి తయారగు పెక్కు రవాణా వాహనములకు గంటకు 80 కిలోమీటర్లు మించకుండ వేగనియంత్రకము అమర్చవలెనను నిబంధన వచ్చినది. ఇది క్షేమము కొరకు చేసినదే యైనను చమురునకును మేలు చేయును. చమురు పేరిట దీనిని ఇంకను తగ్గింపదలచినవారు ఒక లెక్క చూడవలెను. 500 కిలోమీటర్ల దూరమును 80 వేగముతో ఆరుంబావు గంటలలో దాటవచ్చును. 60 వేగముతో ఎనిమిది గంటల ఇరువది నిమిషములు పట్టును. మిగిలిన డీజిలు ధర లారీ యజమానికి చేరును. ఎక్కువైన రెండు గంటలు డ్రైవరువి. ఆ డీజిలు ధరలో కొంత భాగము ఆ రెండు గంటలకు కూలిగా ముట్టు ఏర్పాటు పరిమితితోపాటే చేయవలెను.