వేడితో పందెం: డిస్క్ బ్రేకు ప్రస్థానం

రోజూ ఆఫీసుకూ ఊళ్ళకూ తిప్పే కారును మొదటిసారి ట్రాక్ డేకు, అంటే పోటీ ఏదీ లేకుండా ఎవరి కారును వారు రేసింగ్ ట్రాక్‌పై నడుపుకోవడానికి కేటాయించిన రోజుకు, సిద్ధం చేసుకునేవారి చూపు సాధారణంగా ఇంజిన్ శక్తి మీదికో వెడల్పాటి టైర్ల మీదికో పోతుంది గాని, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.7 కిలోమీటర్ల ట్రాక్ వంటి చోట కొన్ని చుట్లు గట్టిగా తిరిగేసరికి అందరికంటే ముందు చేతులెత్తేసేది చాలావరకు బ్రేకే. దాని మీద పడే భారం ఎంతటిదో లెక్క వేసి చూస్తే ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. 1,200 కిలోల కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చి మలుపు ముందు 60కి తగ్గితే, చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, వేగం సగమే తగ్గినా శక్తిలో ముప్పాతిక వంతు, అంటే సుమారు 5 లక్షల జౌళ్ళు, వేడిగా మారి బయటికి పోవాలి. ఒకటిన్నర లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తేగలిగిన ఈ వేడి రెండున్నర సెకన్లలో పుడుతుంది గనుక, బ్రేకులు ఆ కాస్త సేపు 200 కిలోవాట్ల యంత్రంలా పనిచేస్తున్నాయన్నమాట. అదే కారు ఇంజిన్ 70 కిలోవాట్లు ఇస్తే గొప్ప. ఊరి రోడ్డు మీద ఒకసారి గట్టిగా బ్రేకు వేశాక మళ్ళీ అంత అవసరం పడేలోపు లోహం చల్లారుతుంది, ట్రాక్‌పై మాత్రం తరువాతి మలుపు కొన్ని సెకన్లలోనే ఎదురవుతుంది.

డిస్క్ బ్రేకు పుట్టుకకూ ఎదుగుదలకూ ఈ వేడే మూలం. చక్రంతో పాటు తిరిగే పలుచని లోహపు పళ్ళేన్ని రెండు వైపుల నుంచీ నొక్కి ఆపాలన్న ఊహకు ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు గాని, ఆయన వాడిన రాగి ప్యాడ్లు దుమ్ము రోడ్ల మీద త్వరగా అరిగిపోవడమే కాక చెవులు చిల్లులు పడేలా కీచుమనేవి. ఊహ సరైనదే, దానికి తగిన పదార్థం ఇంకా పుట్టలేదు. దానితో రంగం డ్రమ్ము బ్రేకుదయింది. తిరిగే గుండ్రని డ్రమ్ము లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు ఉండి, పెడల్ తొక్కగానే విచ్చుకుని లోపలి గోడను ఒరుసుకుంటూ చక్రాన్ని ఆపే ఈ ఏర్పాటు దాదాపు అర్ధశతాబ్దం పాటు కార్లను ఏలింది.

అంతకాలం ఏలడానికి తగిన తెలివి డ్రమ్ములో ఉంది. డ్రమ్ము తిరిగే దిశకు అనుకూలంగా అమర్చిన షూ గోడను తాకగానే, ఘర్షణ దానిని తనతో పాటు ఈడ్చుకుపోవాలని చూస్తుంది; షూ ఒక కొస కదలకుండా బిగించి ఉండటం వల్ల, ఆ ఈడ్పు దానిని గోడలోకి మరింతగా నొక్కుతుంది. తలుపు కింద దూర్చిన చెక్కముక్క, తలుపును నెట్టేకొద్దీ ఇంకా బిగుసుకున్నట్టే, చక్రం తిరుగుడే బ్రేకుకు బలమిస్తుంది. డ్రైవరు కాలు పెట్టిన బలం కొద్దిదైనా ఫలితం ఎన్నో రెట్లు వస్తుంది, అందుకే బలాన్ని పెంచే బూస్టరు సాయం లేని రోజుల్లోనూ బరువైన కార్లు ఆగగలిగాయి.

ఇంత అందమైన ఉపాయమే వేడి దగ్గరికి వచ్చేసరికి ఎదురు తిరుగుతుంది. లైనింగు వేడెక్కి దాని ఘర్షణ గుణకం, అంటే రెండు తలాల మధ్య పట్టు ఎంతో చెప్పే సంఖ్య, కొంత పడిపోతే, ఆ గుణకం మీదే ఆధారపడిన స్వయంబలం కూడా పోతుంది కనుక, బ్రేకు శక్తి గుణకం పడిన దానికంటే ఎక్కువగా పడిపోతుంది. నాలుగు చక్రాలలో ఒక్కొక్కటి ఒక్కో పాళ్ళలో పడిపోతే కారు ఒక పక్కకు లాగేస్తుంది. పైగా వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది గనుక పెడల్ ఇంకా లోతుకు పోవాలి, లోపల పుట్టిన వేడికి మూసుకున్న డబ్బాలోంచి త్వరగా బయటపడే దారి కూడా ఉండదు. డిస్కులో ఇవన్నీ తారుమారవుతాయి. పళ్ళెం వేడెక్కి ఉబ్బితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, దాని రెండు ముఖాలూ గాలికి తెరిచే ఉంటాయి, స్వయంబలం లేదు కనుక గుణకం పావు వంతు తగ్గితే పట్టు కూడా కచ్చితంగా పావు వంతే తగ్గుతుంది. డిస్కు డ్రైవరు నుంచి ఎక్కువ బలం అడుగుతుంది, బదులుగా మాట తప్పదు. ట్రాక్‌పై డ్రైవరుకు కావలసింది ఆ నమ్మకమే.

ఈ తేడాను లోకం కళ్ళారా చూసిన చోటు ఫ్రాన్సులోని లె మాన్. అక్కడి 24 గంటల పందెంలో, దాదాపు 6 కిలోమీటర్ల నేరు రోడ్డు చివర పదునైన మలుపు ఉండేది. అంటే పగలూ రాత్రీ ప్రతి చుట్టులోనూ గంటకు 240 కిలోమీటర్ల దరిదాపు వేగం నుంచి ఒక్కసారిగా నెమ్మదించాలి. డన్లప్ తయారుచేసిన డిస్కులతో జాగ్వార్ సి-టైప్ కారు 1952లోనే స్టిర్లింగ్ మాస్ చేతుల్లో రాన్స్ పందెం గెలిచింది. 1953లో లె మాన్‌కు వచ్చినప్పుడు, నేరు రోడ్డుపై దానికంటే వేగంగా పోయిన అమెరికన్ కనింగ్‌హామ్ కారు కూడా పోటీలో ఉంది. అయితే డ్రమ్ముల కార్లు మలుపుకు ఎంతో దూరంలోనే కాలు తీయవలసి వస్తుంటే, జాగ్వార్ డ్రైవర్లు టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ ఇంకా కొంత దూరం పూర్తి వేగంతో పోయి అప్పుడు తొక్కగలిగేవారు. అలా చుట్టు చుట్టుకూ మిగిలిన క్షణాలు 300కు పైగా చుట్లలో కలిసి, సగటున గంటకు 170 కిలోమీటర్ల వేగంతో వారిని గెలిపించాయి. జాగ్వార్ కార్లకు మొదటి, రెండవ, నాలుగవ స్థానాలు దక్కగా, కనింగ్‌హామ్‌కు మూడవది మిగిలింది.

మెర్సిడెస్ మాత్రం 1955లోనూ డ్రమ్ములనే నమ్ముకుని, వాటి లోటును పూడ్చడానికి డ్రైవరు వెనుక రెక్కలా పైకి లేచి గాలిని అడ్డగించే వెడల్పాటి రేకును 300 ఎస్ఎల్ఆర్ కారుకు బిగించింది. ఆ సంవత్సరం లె మాన్‌లో జరిగిన ఘోర ప్రమాదంలో 80 మందికి పైగా చనిపోయారు, ముందంజలో ఉన్న మెర్సిడెస్ పోటీ మధ్యలోనే తప్పుకుంది. డిస్కు, రేకు అనే రెండు ఉపాయాలలో ఏది మెరుగో ఆ పందెం తేల్చలేదు. కార్ల తయారీదారులు ఎటు మొగ్గారో మాత్రం స్పష్టమే: అదే ఏడాది సిట్రోయెన్ డిఎస్, మరుసటి ఏడాది ట్రయంఫ్ టిఆర్3 ముందు చక్రాలకు డిస్కులతో జనం చేతికి వచ్చాయి.

డిస్కును ఇరువైపులా పట్టి ఉంచే కాలిపర్‌లో దాగిన ఒక చిన్న రబ్బరు రింగు ఈ కథలో అందరికంటే తక్కువ పేరు తెచ్చుకున్న పాత్ర. పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చునే ఈ రింగు అడ్డుకోత నలుచదరంగా ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరిగితే రింగు దానిని పట్టుకునే ఉండి కొద్దిగా వంగుతుంది, పెడల్ వదలగానే తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ అరిగి పిస్టన్ మరింత ముందుకు పోవలసి వస్తే, రింగు వంగగలిగినంత వంగి ఆపైన పిస్టన్‌ను జారనిస్తుంది, తిరిగి లాగేది మాత్రం ఎప్పటిలా ఆ వెంట్రుకవాసే. స్ప్రింగు లేదు, మర లేదు. బ్రేకు ద్రవం కారకుండా ఆపడం, ప్యాడ్‌ను విడిపించడం, అరుగుదలను సరిదిద్దడం అనే మూడు పనులూ ఒక్క రబ్బరు ముక్క చేస్తుంది.

అయితే ఆ పిస్టన్ వెనుక ఉన్న ద్రవం దగ్గరే కొత్త డ్రైవరుకు అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అని పిలిచే ఈ ద్రవం గ్లైకాల్ జాతికి చెందినది, గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 4 రకం ద్రవం కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, కాని నాలుగు శాతంలోపు నీరు చేరితే చాలు, అదే ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. కాలిపర్‌లో ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవంలా కాక ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది కనుక, కాలి బలమంతా బుడగలను నలపడంలోనే ఖర్చయి పెడల్ నేలకు అంటుతుంది. ప్యాడ్లు కాలి పట్టు తగ్గినప్పుడు పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగదు, ద్రవం మరిగినప్పుడు పెడలే మెత్తగా కిందికి పోతుంది. ఈ రెంటినీ వేరు చేసి గుర్తుపట్టగలగడం ప్రతి డ్రైవరూ నేర్చుకోదగినది. కాబట్టి ట్రాక్ డేకు ముందు ఖర్చు పెట్టదలచిన మొదటి రూపాయి కొత్త ద్రవం నింపి గాలి తీయించడానికీ, రెండవది ఎక్కువ వేడికి తట్టుకునే ప్యాడ్లకూ పోవాలి. కొత్త ప్యాడ్లను ముందుగా క్రమంగా వేడెక్కించి, వాటి పదార్థం డిస్కు మీద పలుచని సమమైన పొరగా పట్టేలా చేయాలి. చివరి చుట్టు బ్రేకు ముట్టకుండా మెల్లగా తిరిగి రావాలి. ఆగిన తరువాత పెడల్ తొక్కి పట్టకూడదు, హ్యాండ్ బ్రేకు వేయకూడదు, ఎందుకంటే కాగిన ప్యాడ్ ఒకేచోట అంటుకుని మచ్చ వేస్తే తరువాత బ్రేకు వేసిన ప్రతిసారీ స్టీరింగు వణుకుతుంది.

మిగిలిన ఏర్పాట్లు తేలికైనవి. వేడికి టైర్లలో గాలి ఒత్తిడి పెరుగుతుంది కనుక కొన్ని చుట్లయ్యాక కొలిచి తగ్గించుకోవాలి, చక్రాల నట్లు సరిచూడాలి, లోపల కదిలే సామాను తీసేయాలి. మన చిన్న కార్లలో వెనుక చక్రాలకు ఇప్పటికీ డ్రమ్ములే ఉండటం చూసి కంగారుపడనక్కరలేదు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరిగి పనిలో పెద్ద వాటా ముందు డిస్కులకే పోతుంది.

జనం చేతికి వచ్చాక డిస్కు చరిత్ర వేగంగా నడిచింది. రెండు పలకల మధ్య రెక్కలుండి చక్రం తిరుగుతుంటే గాలిని నడిమి నుంచి అంచుకు తోసే డిస్కులు వచ్చాయి, ఆరోగ్యానికి ముప్పని తేలాక ప్యాడ్లలోంచి ఆస్బెస్టాస్ పోయింది, విమానాల నుంచి కార్బన్ డిస్కులు రేసు కార్లకు దిగాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఇ విద్యుత్ రేసు కార్లలో, వెనుక చక్రాలను మామూలుగా నెమ్మదింపజేసే పని విద్యుత్ మోటారుదే. అది జనరేటరుగా మారి, ఇన్నాళ్ళూ వేడిగా పోయిన శక్తిలో చాలా భాగాన్ని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ముందు చక్రాలకు మాత్రం ఆ కార్లలోనూ డిస్కులు ఉన్నాయి.