విశ్రాంత రక్షకభటుల వైద్యానికి ధనమెక్కడిది?

ఉద్యోగంలో ఉన్నంత కాలం జబ్బు చేస్తే యజమాని ఆదుకుంటాడు. వార్ధక్యంలో ప్రభుత్వం ఆదుకుంటుంది. ఈ రెండింటి నడుమ పదేళ్ల వ్యవధి ఏర్పడితే ఆ భారమెవరిది? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పదవీ విరమణ చేసిన రక్షకభటుల సమస్య ఇదే. మన పిల్లలెందరో ఆ దేశంలో స్థిరపడినందున అక్కడి వైద్యపు ఖర్చుల ప్రస్తావన మన ఇళ్లలోనూ తరచు వినవస్తున్నది. అందుచేత ఈ విషయాన్ని శ్రోతలకు కొంత వివరించదలచినాము.

అక్కడ వృద్ధులకు వైద్యసహాయం కల్పించే మెడికేర్ పథకం 1965 జూలై 30వ తేదీన శాసనమైనది. సాధారణంగా 65 ఏళ్లు నిండితేగాని అది వర్తించదు. రక్షకభటుని వృత్తి దేహదార్ఢ్యం మీద ఆధారపడినది. రాత్రింబవళ్లు పహరా తిరిగిన శరీరం త్వరగా అలసిపోతుంది. అందువల్ల చాలా నగరాలలో 20, 25 ఏళ్లు సేవ చేసినవారికి యాభైయవ పడిలోనే విశ్రాంతి లభిస్తుంది. 53వ ఏట ఇల్లు చేరిన వ్యక్తి మెడికేర్ కొరకు 12 ఏళ్లు వేచి ఉండవలె. అంతవరకు బీమా ప్రీమియం చెల్లించవలసినదే.

ఈ ప్రీమియానికి ధనం సమకూర్చే మార్గాలు ముఖ్యంగా మూడు ఉన్నవి.

మొదటిది, ఏ యేటి ఖర్చును ఆ యేటి పన్నుల నుంచి నగరపాలక సంస్థ భరించడం. ఇది ఆరంభంలో సులభంగా కనిపిస్తుంది. కాని విశ్రాంత ఉద్యోగుల సంఖ్య, చికిత్సల ధర ఏటేటా పెరుగుతూ వస్తాయి. కాలిఫోర్నియా రాష్ట్రంలోని స్టాక్టన్ నగరం ఇందుకు నిదర్శనం. 2012 జూన్‌లో ఆ నగరం దివాలా న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. రక్షకభటులు మొదలుకొని విశ్రాంత ఉద్యోగులందరికీ వాగ్దానం చేసిన వైద్యబీమా విలువ 50 కోట్ల డాలర్లకు మించి ఉన్నది. చివరకు వారికి దక్కినది సుమారు 51 లక్షల డాలర్లు, అనగా డాలరుకు ఒక సెంటు మాత్రమే. వారి పింఛనులు మాత్రం నిలిచినవి. పింఛనుల కొరకు రాష్ట్రస్థాయి సంస్థలో ఏళ్ల తరబడి కూడబెట్టిన నిధి ఉన్నది. వైద్యబీమాకు అటువంటి నిధి లేదు.

రెండవ మార్గం, ఉద్యోగి సేవలో ఉండగానే నెలనెలా కొంత సొమ్ము ప్రత్యేక నిధిలో జమకట్టడం. పంట చేతికి వచ్చిననాడు గాదె నింపుకోవడం వంటిదే ఇది. నెలకు 100 డాలర్ల చొప్పున 25 ఏళ్లు జమచేస్తే అసలు 30,000 అవుతుంది. నూటికి 5 వంతున వడ్డీ నెలనెలా కలుస్తూ వస్తే మొత్తం 59,500 డాలర్లు దాటుతుంది. అయితే ఈ సొమ్మును నగరం వేరు అవసరాలకు వాడుకోరాదు. చట్టబద్ధమైన ట్రస్టు చేతిలో ఉంచవలె.

మూడవది, విశ్రాంత ఉద్యోగి తన పింఛను నుంచి తానే ప్రీమియం కట్టుకోవడం. దీనికి 2006 నాటి శాసనం ఒక సదుపాయం కల్పించినది. రక్షకభటులు, అగ్నిమాపక దళంవారు మొదలైనవారు తమ పింఛనులో ఏటా 3,000 డాలర్ల వరకు వైద్యబీమాకు వినియోగిస్తే, ఆ సొమ్ముపై కేంద్ర ఆదాయపు పన్ను ఉండదు. మొదట ఆ సొమ్ము పింఛను నిధి నుంచి నేరుగా బీమా సంస్థకే వెళ్లవలసి ఉండేది. 2022 నాటి శాసనం ఆ నిర్బంధాన్ని తొలగించినది. 3,000 డాలర్ల పరిమితిని మాత్రం పెంచలేదు. నూటికి 12 వంతున పన్ను చెల్లించే కుటుంబానికి దీనివల్ల ఏడాదికి మిగిలేది 360 డాలర్లు. ఇది ఉపశమనమే గాని పూర్తి పరిష్కారం కాదు.

కనుక ఉద్యోగంలో చేరే యువకుడు విశ్రాంతి కాలపు వైద్యాన్ని గురించిన హామీ వినినప్పుడు ఒక ప్రశ్న వేయవలె: ఆ హామీకి ఈనాటి వరకు ఎంత సొమ్ము జమ అయినది, అది ఎవరి అధీనంలో ఉన్నది? స్టాక్టన్ ఉద్యోగులకు ఆ ప్రశ్న విలువ తెలిసేనాటికి వారి సేవాకాలం ముగిసిపోయినది.