ఇంటర్నెట్టు మందగించినపుడు

ఇంటర్నెట్టు మందగించినంతనే పలువురు తలిదండ్రులు హెచ్చు రుసుముగల పథకమునకు మాఱుచున్నారు. పిల్లల పుస్తకములకు చాలెడు పైకము వ్యర్థమగుచున్నది. తొలుత తక్కిన ఫోనులను ఆపి, కంప్యూటరును రౌటరునకు తీఁగతో కలిపి వేగమును కొలువవలెనని మా మనవి. తీఁగపై వేగము సరిగా నుండి, వైఫైలో తగ్గినయెడల దోషము బయటి లైనుది కాదు, ఇంటిలోనిదే. రౌటరును ఇనుప బీరువా వెనుక దాఁచిన యిండ్లను మేము చూచితిమి! దానిని ఇంటి నడుమ, ఎత్తున నుంచవలెను. 2.4 గిగాహెర్ట్జుల తరంగములు దూరము పోవును గాని, ఇరుగుపొరుగు రౌటర్లును మైక్రోవేవ్ పొయ్యియు వానికి అడ్డు తగులును. 5 గిగాహెర్ట్జులవి వేగవంతములు, గోడలు దాటునప్పటికి నీరసించును. తీఁగపైనను మందముగ నున్నచో, 8 బిట్లు ఒక బైటు గనుక 100 మెగాబిట్లనఁగా సెకనునకు 12.5 మెగాబైట్లే యని లెక్క చూచుకొని, పిదప కంపెనీవారికి ఫిర్యాదు చేయవలెను.